గేమింగ్ లైనక్స్ ఆగిపోతే ఎవరిని అడగాలి? గాజువాక నుంచి ఒక ప్రశ్న

ఉక్కుదారి | శనివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. గాజువాకలో నాకు చిన్న గేమింగ్ సెంటర్ ఉంది. మొత్తం ఎనిమిది మిషన్లు. నాలుగు కొత్తవి, విండోస్ 11 మీద నడుస్తాయి. మిగతా నాలుగూ 2017లో కొన్నవి: ఆరో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 గ్రాఫిక్స్ కార్డు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 పని అయిపోయింది. విండోస్ 11 చూస్తే ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను ఒప్పుకోదు. చక్కగా తిరుగుతున్న మిషన్లను పాత సామాను వాడికి వేయడానికి మనసు రాలేదు. దీపావళి తరువాత నాలుగింటిలోనూ విండోస్ బదులు గేమింగ్ కోసమే తయారుచేసిన ఒక లైనక్స్ వేశాను. ఆర్చ్ అనే మరో లైనక్స్ మీద కట్టినది. పేరు రాయను, వాళ్ళతో తగవు పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు.

రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లైనక్స్‌కే ఉన్నాయి. టెక్కెన్ 8, రాకెట్ లీగ్ విండోస్ ఆటలను లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్ మీద నడిచాయి. వాలరెంట్ లైనక్స్ మీద నడవదు కాబట్టి అది అడిగే పిల్లలను కొత్త మిషన్ల దగ్గర కూర్చోబెట్టాను.

భోగి ముందురోజు రాత్రి సెంటర్ మూసేముందు నాలుగింటికీ అప్‌డేట్ ఇచ్చాను. పొద్దున్న వచ్చి మీటలు వేస్తే నాలుగు తెరలూ నలుపు. ఎడమవైపు పై మూలన సన్నటి తెల్లగీత ఆరుతూ వెలుగుతూ ఉంది, అంతే. కార్డు ఫ్యాన్ మామూలుగానే తిరుగుతోంది. సంక్రాంతి నాలుగు రోజులూ నాకు ఏడాది మొత్తంలో మంచి బేరం. సెలవులకు వచ్చిన పిల్లలు గుమ్మంలో నిలబడి చూసి పక్క వీధి సెంటరుకు వెళ్ళిపోయారు.

డిస్ట్రో (లైనక్స్‌ను కట్టి పంచే కూర్పు) వాళ్ళ చాట్‌లో అడిగితే ఇది మూల డిస్ట్రో అయిన ఆర్చ్ నుంచి వచ్చిన మార్పు, మాది కాదు అన్నారు. మూల డిస్ట్రో దగ్గరకు వెళితే మీరు వాడుతున్నది మాది కాదు అన్నారు. నా ప్రశ్న సూటిగా ఇది: ఈ గేమింగ్ లైనక్సులకు పూచీ ఎవరిది? నేను ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

కంబాలకొండ | శనివారం, రాత్రి 11:52

అన్నా, ముందు మిషన్లు లేపుదాం, పూచీ సంగతి తరువాత చూద్దాం.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. అక్షరాల తెర వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్ళండి. ఎన్‌విడియా డ్రైవర్ 590 అని ఉంటే కారణం దొరికినట్టే. మాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డులకు 580 శాఖే ఆఖరిది. మీ 1060 పాస్కల్ తరం. 590 రాగానే, 2025 డిసెంబరులో, ఆర్చ్ తన ప్రధాన ప్యాకేజీలను ఓపెన్ కెర్నల్ మాడ్యూళ్ళకు (లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లో చేరే, కోడ్ అందరికీ తెరిచి ఉన్న డ్రైవర్ ముక్కలకు) మార్చింది. ఆ మాడ్యూళ్ళు కార్డు లోపల ఉండే జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ మీద ఆధారపడతాయి. అది ట్యూరింగ్ తరం నుంచే ఉంది, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసల నుంచి. మీ కార్డులో అది లేనే లేదు.

కొత్త డ్రైవర్ తీసేసి, మీ మిషన్‌లోనే మాడ్యూల్‌ను కట్టుకునే 580ఎక్స్‌ఎక్స్ డీకేఎంఎస్ ప్యాకేజీ వేయండి. మీ కెర్నల్‌కు సరిపోయే హెడర్లు (అలా కట్టడానికి కావలసిన ఫైళ్ళు) ముందుగా ఉండాలి. అవి లేకపోతే మాడ్యూల్ తయారు కాదు, మళ్ళీ నల్ల తెరే.

ఉక్కుదారి | ఆదివారం, ఉదయం 9:05

మూడు లేచాయి. నాలుగోదానిలో హెడర్లు మరిచిపోయాను, మళ్ళీ చేస్తే అదీ లేచింది. కంబాలకొండ గారూ, మీ మేలు మరువను.

అయితే మీ టపా చదివాక నా బాధ ఇంకా పెరిగింది. ఈ మార్పు వస్తున్న సంగతి నెల ముందే తెలుసన్నమాట. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

కంబాలకొండ | ఆదివారం, ఉదయం 9:31

ఆర్చ్ తన వార్తల పేజీలో ప్రకటన వేసింది. పాత కార్డులున్నవాళ్ళు ఏమి చేయాలో కూడా అందులోనే ఉంది. ఆర్చ్ వాడేవాళ్ళకు అప్‌డేట్‌కు ముందు ఆ పేజీ చూడటం అలవాటు. దాని మీద కట్టిన డిస్ట్రో వాడేవాళ్ళకు ఆ పేజీ ఒకటుందనే తెలియదు.

సిరిపురం జంక్షన్ | ఆదివారం, ఉదయం 10:14

నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. మొదట గరుడ అనే డిస్ట్రో వేసుకున్నాను, ఇప్పుడు కాచీఓఎస్ వాడుతున్నాను. నా దృష్టిలో జవాబు ఒక్కటే: ఆటలు అమ్మే స్టీమ్ దుకాణం నడిపే కంపెనీ, వాల్వ్. స్టీమ్‌లో అమ్ముడయ్యే ప్రతి ఆటలో 30 శాతం వాళ్ళకు వెళుతుంది. అమ్మకాలు బాగా పెరిగిన ఆటలకు మాత్రమే అది 25కి, 20కి తగ్గుతుంది. 2018 ఆగస్టులో ప్రోటాన్ తెచ్చింది వాళ్ళు. 2022లో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ తెచ్చింది వాళ్ళు. స్టీమ్ సర్వేలో 2025 అక్టోబరుకు లైనక్స్ వాటా 3 శాతం దాటింది. ఆ ఎదుగుదలలో బాజైట్, నొబారా, కాచీఓఎస్ వంటి గేమింగ్ డిస్ట్రోలకూ పాలుంది. మన మిషన్లలో ఆడే ఆటల డబ్బూ వాళ్ళకే చేరుతోంది. అలాంటప్పుడు మన కార్డు పనిచేస్తుందా లేదా అన్నది వాళ్ళు పట్టించుకోవద్దా?

భీమిలి గాలి | ఆదివారం, ఉదయం 11:40

బాబూ, నీ ఆవేశం నాకు నచ్చింది కానీ లెక్క కుదరదు. వాల్వ్ తన మాట తన సొంత లైనక్స్ అయిన స్టీమ్‌ఓఎస్‌కు ఇచ్చింది, తన డెక్‌కు ఇచ్చింది, 2025లో లెనొవో లీజియన్ గో ఎస్‌కు ఇచ్చింది. ఎవరో మరొకరు కెర్నల్ మార్చి, డ్రైవర్ మార్చి, తమ పేరు పెట్టి పంచిన దానికి వాళ్ళెలా పూచీ పడతారు?

2015లో స్టీమ్ మెషీన్లు అనే గేమింగ్ పెట్టెలు వచ్చాయి. అప్పటి స్టీమ్‌ఓఎస్ డెబియన్ అనే లైనక్స్ మీద కట్టినది. పెట్టెలు తయారుచేసిన కంపెనీలు చాలా ఉన్నాయి, ఆటలు చాలినన్ని లేవు, ఆ ప్రయత్నం నిలబడలేదు. దాని తరువాతే వాల్వ్ దారి మార్చింది. ఒకే పరికరం, ఒకే రకం ఏఎండీ చిప్పు, తన చేతిలోని సాఫ్ట్‌వేర్. పూచీని అంత సన్నగా పట్టుకున్నారు కాబట్టే డెక్ నిలబడింది.

ఇంకొకటి. ఉబుంటు అనే లైనక్స్‌లో స్టీమ్‌ను స్నాప్ అనే తమ ప్యాకేజీ పద్ధతిలో కట్టి ఇస్తున్నారు. దానివల్ల వచ్చే లోపాల ఫిర్యాదులు తమ మీద పడుతున్నాయని 2024 జనవరిలో వాల్వ్ ఉద్యోగి ఒకరు బాహాటంగా చెప్పి, తమ సొంత ప్యాకేజీనే వాడమన్నారు. ఫ్లాట్‌పాక్ అనే మరో పద్ధతిలో ఉన్న స్టీమ్ కూడా వాల్వ్ ఇచ్చినది కాదు.

అసలు ఈ గేమింగ్ డిస్ట్రోలన్నీ ఇంకొకరి పందిరి మీద పాకిన తీగలు. పందిరి వేసినవాడు గుంజ కదిపితే ఏమవుతుందో రెండుసార్లు చూశాం. 2019 జూన్‌లో, స్టీమ్‌కూ పాత ఆటలకూ కావలసిన 32 బిట్ల ప్యాకేజీలు రాబోయే వెర్షన్ నుంచి ఆపేస్తామని ఉబుంటు ప్రకటిస్తే, ఆ వెర్షన్‌ను ఇక సిఫారసు చేయమని వాల్వ్ చెప్పింది. కొద్దిరోజుల్లో ఉబుంటు వెనక్కి తగ్గింది. 2025 జూన్‌లో, బాజైట్‌కు పందిరి అయిన ఫెడోరాలో అదే ప్రతిపాదన వచ్చింది. అది అమలైతే బాజైట్‌ను మూసుకోవలసిందేనని దాన్ని మొదలుపెట్టినవారే అన్నారు. ఆ ప్రతిపాదనా ఆగిపోయింది. రెండుసార్లు ఆగింది, మూడోసారి ఆగకపోవచ్చు. అందుకే నా సలహా: నేరుగా ఫెడోరాయో డెబియనో వేసుకుని స్టీమ్ పెట్టుకోండి. మధ్యలో ఇంకొకరు ఎందుకు?

సిరిపురం జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 12:02

మధ్యలో వాళ్ళు ఉన్నారు కాబట్టే ఉక్కుదారి గారు ఒక్క సాయంత్రంలో నాలుగు మిషన్లు ఆడించగలిగారు. ఖాళీ ఫెడోరా మీద ఎన్‌విడియా డ్రైవర్ వేసి, కోడెక్‌లు వేసి, కంట్రోలర్ గుర్తించేలా చేసేసరికి కొత్తవాడు విసిగిపోతాడు. మీకు అది చేతి అలవాటు. అందరికీ కాదు.

ఎర్రమట్టిదిబ్బ | ఆదివారం, సాయంత్రం 6:48

ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఒక చిన్న గేమింగ్ డిస్ట్రోకు మూడేళ్ళుగా ప్యాకేజీలు కడుతున్నాను. ఉక్కుదారి గారు వాడింది మాది కాదు. అయినా అదే తప్పు మా దగ్గర కూడా జరిగి ఉండేది, అందుకే రాస్తున్నాను.

పగలు ఋషికొండలో ఉద్యోగం. ఇంటికి వచ్చి, పాపను నిద్రపుచ్చి, తొమ్మిదిన్నరకు మిషన్ తెరుస్తాను. మూల డిస్ట్రోలో ఆ రోజు ఏ ప్యాకేజీలు మారాయో ముందు చూస్తాను. వాటిలో మేము చెయ్యి పెట్టినవి వేరు చేస్తాను: కెర్నల్, మెసా (గ్రాఫిక్స్ లైబ్రరీ), గేమ్‌స్కోప్ (ఆటను తెర మీద చూపించేది), డ్రైవర్లు. మేము చేర్చిన ప్రతి మార్పూ కొత్త వెర్షన్ మీద అతుకుతుందో లేదో చూడాలి. అతకకపోతే అతికేదాకా కూర్చోవాలి. తరువాత కట్టడం, పరీక్షించడం. పరీక్ష అంటే నా దగ్గర ఉన్న రెండు కార్డుల మీద చేసే పరీక్ష. రెండూ ఏఎండీవే. జీటీఎక్స్ 1060 ని నేను ఇంతవరకు చేత్తో పట్టుకోలేదు. మా బృందంలో మొత్తం అయిదుగురం. ఎన్‌విడియా కార్డు ఉన్నది ఒక్కరి దగ్గరే, అదీ కొత్తది.

ఇప్పుడు పూచీ సంగతి. మా లోకంలో రాయని నియమం ఒకటుంది: ఎవరు మారిస్తే వారే జవాబు చెప్పాలి. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించే వైన్ వాళ్ళు తమ అసలు వైన్‌లో కనిపించిన లోపాన్నే తీసుకుంటారు, మార్పులు చేర్చిన వైన్ మీద ఫిర్యాదు తీసుకోరు. బయటివాళ్ళు మార్చి కట్టిన జీఈ ప్రోటాన్‌లో లోపం ఉంటే వాల్వ్ దగ్గరకు వెళ్ళకూడదు. ఆర్చ్ వేదికలో ఆర్చ్‌కు మాత్రమే సాయం. వినడానికి ఇది కఠినంగా ఉంటుంది. కానీ వాళ్ళ చేతిలో లేని కోడ్‌కు వాళ్ళేమి చెబుతారు? 2025 ఫిబ్రవరిలో తెరను రికార్డు చేసే ఓబీఎస్‌కు ఫెడోరా సొంతంగా కట్టిన ప్యాకేజీ గురించి ఓబీఎస్ వాళ్ళు న్యాయపరమైన చర్య దాకా వెళతామన్నది ఈ బాధతోనే. చెడిన ప్యాకేజీ ఒకరిది, తిట్లు ఇంకొకరికి.

అదే నియమం మాకూ వర్తిస్తుంది, అక్కడే మేము తప్పించుకుంటున్నాం. ‘వేయగానే ఆడుకోవచ్చు’ అని మొదటి పేజీలో రాసుకున్న రోజే మేము మాట ఇచ్చాం. ఆర్చ్ వార్తల పేజీని మా వాళ్ళు చూడరని మాకు తెలుసు. చూడనవసరం లేకుండా చేస్తామనే కదా పిలిచింది! అలాంటప్పుడు ఆ హెచ్చరికను అప్‌డేట్ మీట నొక్కే చోటే, మీ తెర మీదే, మీ కార్డు పేరు పెట్టి చూపించడం మా పని. చాట్‌లో ఒక మూల పడేసి చెప్పామనుకోవడం చెప్పినట్టు కాదు. డబ్బు తీసుకోలేదు కాబట్టి బాధ్యత లేదన్న మాట నేను ఒప్పుకోను. ఉక్కుదారి గారూ, మీకు జవాబు చెప్పాల్సింది ఆ డిస్ట్రో వాళ్ళే. మూల డిస్ట్రో కాదు, వాల్వ్ కాదు.

కానీ ఇంకో మాట కూడా వినండి. మీ సంక్రాంతి బేరానికి మేము పూచీ పడలేం. అది మా శక్తికి మించినది. డిసెంబరులో ఒకాయన అర్ధరాత్రి నాకు వరుసగా పదకొండు సందేశాలు పెట్టారు. ఏ కార్డు, ఏ వెర్షన్ అన్నది ఒక్కదానిలోనూ లేదు, నన్ను అన్న మాటలు మాత్రం అన్నిటిలోనూ ఉన్నాయి. ఆ వారమే మా బృందంలో ఒకరు మానేశారు. ఆయన చూసే కెర్నల్ పని ఇప్పుడు నా మీద పడింది.

భీమిలి గాలి | ఆదివారం, రాత్రి 8:15

అమ్మా, మీ టపా రెండుసార్లు చదివాను. మధ్యలో ఇంకొకరు ఎందుకు అన్న నా మాట తొందరపాటు. మీరు మోస్తున్న బరువు తెలియక అన్నాను. కానీ భయం అలాగే ఉంది. అయిదుగురిలో ఇద్దరికి పెళ్ళో బదిలీయో వస్తే డిస్ట్రో ఆగిపోతుంది. 2025 జూలైలో ఇంటెల్ అంతటి కంపెనీ తన సొంత డిస్ట్రో క్లియర్ లైనక్స్‌ను ఒక్క ప్రకటనతో మూసేసింది. జీతాలిచ్చే కంపెనీయే అలా చేసినప్పుడు జీతం లేని అయిదుగురిని నిలదీసే హక్కు మనకెక్కడిది?

సిరిపురం జంక్షన్ | ఆదివారం, రాత్రి 8:40

ఎర్రమట్టిదిబ్బ గారూ, డిస్ట్రో బాధ్యత డిస్ట్రోదే, ఒప్పుకున్నాను. వాల్వ్ మీద నా మాటను మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకోను. వైన్ మీద పనిచేసే కోడ్‌వీవర్స్ కంపెనీకి, మెసా మీద పనిచేసేవాళ్ళకు వాళ్ళు డబ్బు ఇస్తున్నారు. 2024 సెప్టెంబరులో ఆర్చ్‌తో ఒప్పందం చేసుకుని ప్యాకేజీలు కట్టే సర్వర్లకూ, సంతకాల భద్రతకూ సాయం మొదలుపెట్టారు. ఆ చేయి ఇంకొంచెం కిందికి, మీలాంటివాళ్ళ దాకా చాపితే వాళ్ళకు పోయేదేమీ లేదు.

ఆటల కంపెనీల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు. ఆటలో మోసాలను పట్టే ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ 2021లోనే ప్రోటాన్‌కు దారి తెరిచాయి. ఆ దారిలో నడవాలా వద్దా అన్నది ఆట తయారీదారు ఇష్టం. 2024 సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్‌కు బ్యాటిల్‌ఐ చేర్చారు, అది లైనక్స్ మీద ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 31న అపెక్స్ లెజెండ్స్ లైనక్స్‌ను పూర్తిగా ఆపేసింది. రెండూ నిన్నటిదాకా ఆడిన ఆటలే. అది ఏ డిస్ట్రో తప్పూ కాదు. తిట్లు మాత్రం డిస్ట్రో వాళ్ళే తింటున్నారు.

పెందుర్తి రైలుగేటు | ఆదివారం, రాత్రి 9:10

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. పాత ల్యాప్‌టాప్‌లో బాజైట్ వేస్తానంటున్నాడు. అదే ల్యాప్‌టాప్‌లో నేను బ్యాంకు పని, కరెంటు బిల్లు చూసుకుంటాను. వేయనివ్వవచ్చా?

కంబాలకొండ | ఆదివారం, రాత్రి 9:22

బ్రౌజర్‌లో చేసే పనులన్నీ జరుగుతాయండీ. ముందు మీ ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోమనండి, అది చేసినట్టు మీరే తెరిచి చూసుకోండి. అబ్బాయి ఆడే ఆటల పేర్లు ఒక్కొక్కటిగా, ఏ ఆట లైనక్స్‌లో ఎలా నడుస్తుందో చెప్పే ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతికి చూడమనండి. ఆడేది వాలరెంట్ అయితే వేసుకోవద్దు, అది లైనక్స్ మీద నడవదు.

డాబాగార్డెన్స్ | సోమవారం, ఉదయం 7:30

పొద్దున్నే షాపు తెరిచేలోపు రాస్తున్నాను. 19 ఏళ్ళుగా కంప్యూటర్లు అమర్చి అమ్ముతున్నాను.

నా దగ్గర కొన్న మిషన్‌లో ఫ్యాన్ చప్పుడు చేస్తే కొన్నవాడు తైవాన్‌కు ఉత్తరం రాయడు, నా షాపుకే తెస్తాడు. మన ఊళ్ళో సముద్రపు గాలికి ర్యామ్ పలకల బంగారు పళ్ళు మసకబారతాయి, మిషన్ బీప్ అని అరిచి ఆగిపోతుంది. పలక ఊడదీసి, బడి పిల్లలు వాడే రబ్బరుతో ఆ పళ్ళ మీద మెల్లగా రుద్ది, ఊది, మళ్ళీ పెడితే లేస్తుంది. రెండు నిమిషాల పని. ఏ కంపెనీ సాయం నంబరుకు ఫోన్ చేసినా ఈ సంగతి చెప్పరు, ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో ఈ గాలి లేదు.

లైనక్స్‌కూ ఇదే వరస అంటాను. లోపం సరిచేయాల్సింది మార్చినవాళ్ళే, ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ పండగపూట గాజువాకలో నల్ల తెర ముందు నిలబడినవాడికి కావలసింది అరగంటలో వచ్చే మనిషి. ఆ మనిషి ఈ ఊళ్ళోనే ఉండాలి, ఆ పనికి డబ్బు తీసుకోవాలి. ఉచితంగా చేసేవాడిని పండగపూట పిలవలేం.

గత ఏడాది నుంచి లైనక్స్ వేసి అమ్మిన ప్రతి మిషన్‌కూ ఏడాదికి 600 రూపాయలు తీసుకుంటున్నాను. షాపులో ఒక పాత 1050 టీఐ, ఒక ఏఎండీ ఆర్‌ఎక్స్ 580, ఒక కొత్త కార్డు పెట్టిన మూడు మిషన్లు ఉన్నాయి. ఏ అప్‌డేట్ వచ్చినా ముందు వాటి మీద వేస్తాను. మూడు రోజులు చూసి, బాగుంటేనే మావాళ్ళకు వేసుకోమని సందేశం పెడతాను. డిసెంబరులో ఆ 1050 టీఐ మిషన్ నా బల్ల మీదే నల్లబడింది. మావాళ్ళలో ఒక్కరికీ ఆ ఇబ్బంది చేరలేదు.

ఆ 600లో 100 డిస్ట్రో వాళ్ళకు పంపుతాను. వాళ్ళు అడగలేదు. వాళ్ళు ఆగిపోతే నా వ్యాపారమూ ఆగుతుంది.

ఎర్రమట్టిదిబ్బ | సోమవారం, ఉదయం 8:02

మీ బల్ల మీద 1050 టీఐ నల్లబడిన రోజు ఆ సంగతి ఎవరికైనా రాశారా? మాకు కావలసింది సరిగ్గా అదే. నా దగ్గర లేని కార్డు మీద, విడుదలకు ముందు, తెలిసిన మనిషి చేసిన పరీక్ష. ఆ 100 కంటే అదే నాకు విలువైనది.

డాబాగార్డెన్స్ | సోమవారం, ఉదయం 8:10

రాయలేదమ్మా. ఎవరికి రాయాలో తెలియలేదు, ఇంగ్లీషులో పద్ధతిగా రాయడమూ కుదరలేదు.

ఎర్రమట్టిదిబ్బ | సోమవారం, ఉదయం 8:13

తెలుగులో రాయండి. కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్, కెర్నల్ వెర్షన్, ఏ అప్‌డేట్ తరువాత అన్నది ఉంటే చాలు. ఇంగ్లీషులోకి నేను మారుస్తాను. మీ దగ్గర లాగ్ తీసే పద్ధతి ఈ రాత్రి రాసి పెడతాను.

కంబాలకొండ | సోమవారం, ఉదయం 9:45

ఉక్కుదారి అన్నా, సెంటరుకు ఒక మాట. ఆర్చ్ మీద కట్టినవి రోజూ మారతాయి. సొంత మిషన్ అయితే అదొక ఆనందం, బేరం నడిచే చోట అది సరిపోదు. బాజైట్ చూడండి. ఫెడోరా అటామిక్ మీద కట్టినది. వ్యవస్థ మొత్తం ఒకే ఇమేజ్‌గా వస్తుంది, పాత ఇమేజ్ పక్కనే ఉంటుంది. కొత్తది చెడితే మిషన్ ఆన్ చేసేటప్పుడు వచ్చే పట్టికలో పాతదాన్ని ఎంచుకుంటే నిన్నటి మిషన్ తిరిగి వస్తుంది. ఎన్‌విడియా పాత కార్డులకు వేరే ఇమేజ్, కొత్త కార్డులకు వేరే ఇమేజ్ ఉన్నాయి. దించుకునేటప్పుడు కార్డు ఏదని అడుగుతుంది, 10 వరుస అని సరిగ్గా చెప్పండి. అక్కడ తప్పితే మళ్ళీ మొదటికే వస్తారు.

భీమిలి గాలి | సోమవారం, మధ్యాహ్నం 1:20

కేరళలో ప్రభుత్వ బడుల కంప్యూటర్లు ఏళ్ళ తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నాయి. అక్కడ కైట్ అనే ప్రభుత్వ సంస్థ సొంత లైనక్స్ తయారుచేసి, దాన్ని ఉపాధ్యాయులకు నేర్పించింది. చెడితే బడిలోనే చూసుకోగలిగే మనిషి ఉంటాడు. డాబాగార్డెన్స్ గారి మూడు మిషన్ల బల్ల చూస్తే అది గుర్తొచ్చింది. వచ్చే ఆదివారం నేనూ ఆ బల్ల దగ్గరకు వస్తాను. నా అటక మీద ఒక జీటీఎక్స్ 960 ఉంది, మాక్స్‌వెల్ తరం. పరీక్షలకు పనికొస్తుంది, ఉంచుకోండి.

ఉక్కుదారి | మరుసటి ఆదివారం, రాత్రి 10:35

నాలుగింటిలోనూ బాజైట్ వేశాను. పాత కార్డుల ఇమేజే. డాబాగార్డెన్స్ గారికి నాలుగు మిషన్లకు 2400 కట్టాను. డిస్ట్రో వాటాకు నా తరఫున మరో 400 కలిపి ఇచ్చాను. పాత డిస్ట్రో వాళ్ళకూ రాశాను, కోపంగా కాదు. కార్డు పేరు, వెర్షన్లు, తేదీ పెట్టి, అప్‌డేట్ మీట దగ్గరే హెచ్చరిక చూపించమని అడిగాను. ఒకరు జవాబిచ్చారు, తరువాతి విడుదలలో చేరుస్తామన్నారు.

ఈ రోజు ఒకటో మిషన్‌ను కావాలనే అప్‌డేట్ చేసి, ఆపి, పాత ఇమేజ్‌తో లేపి చూశాను. లేచింది. నేను లేనప్పుడు కౌంటర్ దగ్గర ఉండే అబ్బాయి చేత కూడా చేయించాను. మొదటిసారి పట్టిక కనిపించి మాయమయ్యేలోపు మీట నొక్కలేకపోయాడు. రెండోసారి పట్టుకున్నాడు. తరువాత తనే ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి నాలుగు మానిటర్ల పక్కనా అంటించాడు: ‘తెర నల్లగా ఉంటే కంగారు పడవద్దు. మిషన్ ఆపి మళ్ళీ వేయాలి. పట్టిక రాగానే కింది బాణం ఒకసారి నొక్కి, ఎంటర్ కొట్టాలి. అప్పటికీ రాకపోతే డాబాగార్డెన్స్‌కు ఫోన్ చేయాలి.’